మోటారు కాలితే సగం మిల్లు ఆగడం ఎందుకు? ఒక జ్యూట్ మిల్లు కేస్ స్టడీ

నేపథ్యం

విజయనగరం జిల్లాలోని ఒక జ్యూట్ మిల్లు కేసు ఇది. మిల్లు పేరు, ఊరు, మనుషుల వివరాలు తీసేశాను. అంకెలు కొంచెం గుండ్రం చేశాను కానీ వాటి మధ్య సంబంధం చెడలేదు. పవర్ సిస్టమ్ ప్రొటెక్షన్ పని చేసే ఇంజనీర్లకూ, మిల్లుల్లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

సరఫరా 11 కేవీ (11 వేల వోల్టులు). డిస్కం 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి సుమారు రెండు కిలోమీటర్ల ఓవర్‌హెడ్ లైను వస్తుంది. మిల్లులో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. ఒక్కోటి 1000 కేవీఏ, 11/0.433 కేవీ, ఇంపెడెన్స్ (కరెంట్‌కి అడ్డు) 5 శాతం, వెక్టర్ గ్రూప్ డీవైఎన్ 11 (11 కేవీ వైపు డెల్టా, 433 వోల్టుల వైపు స్టార్ కనెక్షన్), న్యూట్రల్ నేరుగా ఎర్త్ చేసి ఉంది. ఒక్కోదానికి 11 కేవీ వైపు ఒక వీసీబీ (వాక్యూమ్ బ్రేకర్), ఎల్టీ వైపు, అంటే 433 వోల్టుల వైపు, 1600 యాంపియర్ల ఏసీబీ (మెయిన్ ఎయిర్ బ్రేకర్), ఒక బస్ సెక్షన్ (ఫీడర్లన్నీ కలిసే కడ్డీలు) ఉన్నాయి. రెండు సెక్షన్ల మధ్య బస్ కప్లర్, అంటే రెంటినీ కలిపే బ్రేకర్. పీసీసీ (మెయిన్ పవర్ ప్యానెల్) రేటింగ్ ఒక సెకను పాటు 35 కేఏ (35 వేల యాంపియర్లు). అక్కడి నుంచి 400 యాంపియర్ల ఎంసీసీబీల (డబ్బా ఆకారపు చిన్న బ్రేకర్ల) మీదుగా షెడ్లలోని ఎంసీసీలకు (మోటార్ కంట్రోల్ ప్యానెళ్లకు) కేబుళ్లు వెళ్తాయి. అన్నిటికంటే దూరం స్పిన్నింగ్ షెడ్. దానికి 300 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ 180 మీటర్లు ఉంది.

జ్యూట్ మిల్లు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. గోగునార, జనపనార మెత్తబడటానికి నూనె, నీళ్లు కలిపిన ఎమల్షన్ చల్లుతారు. కార్డింగ్ దగ్గర నుంచి నార నూగు గాల్లో తేలుతూనే ఉంటుంది. ఆ నూగు, ఆ తేమ రెండూ కలిసి మోటార్ల టెర్మినల్ బాక్సుల్లో పేరుకుంటాయి. పైగా ఉత్తరాంధ్ర వానాకాలం, సముద్రపు గాలి. అందుకే ఇక్కడ వచ్చే ఫాల్టుల్లో (షార్ట్ సర్క్యూట్లలో) ఎక్కువ భాగం ఫేజ్‌కీ బాడీకీ మధ్య వచ్చేవే. మూడు ఫేజులూ ఒకేసారి కలిసే ఫాల్ట్ అరుదు. ఈ కేసంతా ఈ ఒక్క విషయం మీదే తిరుగుతుంది.

సమస్య

ఫోర్‌మన్ చెప్పినది చెప్పినట్టే: "ఏ మూల చిన్న మోటారు కాలినా మెయిన్ పడిపోతాది సార్. ఆ మోటారు ఎంసీసీబీ మాత్రం ఆన్‌లోనే ఉంటాది. ఇదేటి సార్?"

ఒక సెక్షన్ ఏసీబీ పడితే సగం మిల్లు ఆగుతుంది. స్పిన్నింగ్ ఫ్రేములు ఉన్నట్టుండి ఆగితే దారాలు తెగుతాయి. మళ్లీ ఒక్కో స్పిండిల్ దగ్గరా దారం అతికించుకుంటూ రావాలి. ధాన్యం సేకరణ సీజన్‌కి గోనెసంచుల ఆర్డర్లు నెత్తిమీద ఉన్నప్పుడు మేనేజర్ గారి టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

దీంతోపాటు మరో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. స్పిన్నింగ్ షెడ్‌లో కొత్తగా పెట్టిన 110 కిలోవాట్ల దుమ్ము లాగే ఫ్యాన్ స్టార్ట్ చేస్తే ఆ షెడ్‌లో లైట్లు కుంగుతున్నాయి, మోటార్లను ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్లు వదిలేస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ చేసేటప్పుడు 11 కేవీ వీసీబీ ఒక్కోసారి నిలబడటం లేదు. వాళ్ల దృష్టిలో ఇవి మూడు వేర్వేరు సమస్యలు.

నేను వెళ్లేసరికి జరిగినవి

మొదటి ప్రయత్నం ఏసీబీలో ఎర్త్ ఫాల్ట్ ఫంక్షన్ (కరెంట్ బాడీకి, భూమికి పోతే బ్రేకర్‌ని పడేసేది) ఆపేయడం. ట్రిప్ యూనిట్‌లో ప్రతిసారీ ఎర్త్ ఫాల్ట్ లైటే వెలుగుతోంది కాబట్టి దాన్నే ఆపేశారు. ట్రిప్పులు తగ్గాయి, అందరికీ సంతోషం. కొన్నాళ్లకు స్పిన్నింగ్ షెడ్‌లో ఒక 22 కిలోవాట్ల మోటారు టెర్మినల్ బాక్స్‌లో ఫాల్ట్ వచ్చింది. ఏ బ్రేకరూ కట్ చేయలేదు, అది మండుతూనే ఉంది. కేబుల్ గ్లాండ్ కరిగి, చుట్టూ ఉన్న నూగు అంటుకుంది. దగ్గర్లో ఇసుక బకెట్లు ఉండబట్టి, మనుషులు అప్రమత్తంగా ఉండబట్టి అక్కడితో ఆగింది. ఫంక్షన్ మళ్లీ ఆన్ చేశారు, పాత కథ మళ్లీ మొదలైంది.

రెండో ప్రయత్నం కప్లర్ మూసి రెండు ట్రాన్స్‌ఫార్మర్లను ప్యారలల్‌లో నడపడం. రెండూ కలిస్తే సప్లై బలపడుతుంది, ఫ్యాన్ స్టార్టింగ్‌కి వోల్టేజ్ కుంగదని ఎవరో సలహా ఇచ్చారు. కుంగడం తగ్గిందా అని అడిగితే "కాస్త తగ్గినట్టే ఉంది" అన్నారు. ఈ జవాబు వెనక ఏముందో కింద లెక్కలో వస్తుంది.

మూడోది ఒక స్టడీ రిపోర్టు. బయటి కన్సల్టెంట్‌తో చేయించారు. అందులో తేల్చిన ఫాల్ట్ లెవెల్ (షార్ట్ అయితే రాగల కరెంట్) 53 కేఏ. సిఫార్సు ఏమిటంటే పీసీసీతో సహా మిల్లులోని ప్యానెళ్లు, ఎంసీసీబీలు అన్నీ 65 కేఏవి పెట్టాలని. ఖర్చు చూసి యాజమాన్యం రిపోర్టును బీరువాలో పెట్టింది. ఆ 53 కేఏ తప్పు లెక్క కాదు. 1000 కేవీఏకి ఫుల్ లోడ్ కరెంట్ 1333 యాంపియర్లు, దాన్ని 5 శాతంతో భాగిస్తే 26.7 కేఏ, రెండు ట్రాన్స్‌ఫార్మర్లకు 53.3 కేఏ. వెనకున్న గ్రిడ్‌ను అనంత బలంగా అనుకుంటే వచ్చే అంకె అది. లోపం ఎక్కడంటే, మిల్లు మొత్తానికీ ఆ ఒక్క అంకెనే వాడారు.

రెండు లెక్కలు ఎందుకు

ఫాల్ట్ కరెంట్ గరిష్ఠంగా ఎంత వస్తుందో తెలిస్తే బ్రేకర్ దాన్ని తట్టుకుంటుందా అనే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కనిష్ఠంగా ఎంత వస్తుందో తెలిస్తేనే బ్రేకర్‌కి ఆ ఫాల్ట్ అసలు కనిపిస్తుందా అనేది తెలుస్తుంది. ఫాల్ట్ లెక్కల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60909 కూడా ఈ రెంటినీ విడదీసి, వేర్వేరు వోల్టేజ్ ఫ్యాక్టర్లతో లెక్క కట్టమంటుంది. మన దగ్గర చాలా రిపోర్టుల్లో మొదటిది మాత్రమే ఉంటుంది. ఈ మిల్లులో మనుషుల ప్రాణాలు, ఉత్పత్తి రెండూ రెండోదాని మీద ఆధారపడి ఉన్నాయి.

ముందు గరిష్ఠం. సబ్‌స్టేషన్ ఏఈ గారిని అడిగి వివరాలు తీసుకున్నాం. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, ఇంపెడెన్స్ 7.15 శాతం, ప్యారలల్‌లో నడుస్తాయి. 33 కేవీ వైపు ఫాల్ట్ లెవెల్ సుమారు 400 ఎంవీఏ. ఆ తర్వాత రెండు కిలోమీటర్ల రాబిట్ కండక్టర్ (ఓవర్‌హెడ్ లైను తీగలో ఒక సైజు). రెసిస్టెన్స్, రియాక్టెన్స్ విడివిడిగా కూడితే మిల్లు 11 కేవీ బస్ దగ్గర ఫాల్ట్ లెవెల్ 56 ఎంవీఏ దగ్గర తేలింది, అంటే 2.9 కేఏ. పల్లెటూరి ఫీడర్లలో ఇంతే ఉంటుంది. వీసీబీ నేమ్‌ప్లేట్ మీదున్న పెద్ద అంకె చూసి గ్రిడ్ కూడా అంత బలమైనదని అనుకోకూడదు.

ఆ సోర్స్‌తో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎల్టీ బస్ ఫాల్ట్ 20 కేఏ, రెండూ ప్యారలల్ అయితే 31.6 కేఏ. దీనికి మోటార్ల వాటా కలపాలి. ఫాల్ట్ పడగానే తిరుగుతున్న మోటార్లు కాసేపు జనరేటర్లుగా మారి, తమ ఫుల్ లోడ్‌కి సుమారు నాలుగు రెట్ల కరెంట్ ఇస్తాయి. ఒక్కో సెక్షన్‌లో 700 యాంపియర్ల మోటార్ లోడ్ ఉందనుకుంటే 2.8 కేఏ. ఇది కొన్ని సైకిళ్లలో తగ్గిపోతుంది నిజమే, కానీ బస్‌బార్లను వంచే తొలి శిఖరం వచ్చేది ఆ సైకిళ్లలోనే.

ఇప్పుడు ఏ అంకెను పట్టుకోవాలి? ఇవాళ్టి సోర్స్‌తో వచ్చేదా, అనంత గ్రిడ్‌తో వచ్చేదా? నా పద్ధతి ఇది: బ్రేకర్, బస్‌బార్ బలానికి అనంత గ్రిడ్‌ అంకెనే తీసుకుంటాను. సబ్‌స్టేషన్‌లో 5 ఎంవీఏ తీసి 8 ఎంవీఏ పెట్టేముందు డిస్కం మనల్ని అడగదు. ఫీడర్‌ను దగ్గర్లో వచ్చిన కొత్త సబ్‌స్టేషన్‌కి మార్చినా అడగదు. ప్యానెల్ మాత్రం పాతికేళ్లు ఉంటుంది. కాబట్టి ఒక ట్రాన్స్‌ఫార్మర్‌తో 26.7, మోటార్లతో 2.8, మొత్తం 29.5 కేఏ. 35 కేఏ ప్యానెల్‌కి సరిపోతుంది.

ప్యారలల్ అయితే ఇవాళ్టి బలహీనమైన సోర్స్‌తోనే 31.6కి 5.6 కలిపి 37 కేఏ దాటుతోంది. ప్యానెల్ రేటింగ్ 35. కప్లర్ మూసి నడిపినన్నాళ్లూ పెద్ద ఫాల్ట్ రాకపోవడం అదృష్టం. ఆరోజే కప్లర్ తెరిపించాను. ఈ ఒక్క విషయంలో మాత్రం చర్చకు ఒప్పుకోలేదు.

లైట్లు కుంగడం గురించి

మేనేజర్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న: "కప్లర్ తెరిస్తే ఫ్యాన్ ఎలా స్టార్ట్ అవుతుంది?"

దీనికి జవాబు కూడా ఫాల్ట్ లెక్కలోనే ఉంది. ఒకచోట ఫాల్ట్ లెవెల్ ఎంతో తెలిస్తే అక్కడ మోటార్ స్టార్టింగ్‌కి వోల్టేజ్ ఎంత కుంగుతుందో సుమారుగా తెలిసినట్టే. స్పిన్నింగ్ షెడ్ ఎంసీసీ దగ్గర, 180 మీటర్ల కేబుల్ దాటాక, ఒక ట్రాన్స్‌ఫార్మర్‌తో ఫాల్ట్ కరెంట్ 6.9 కేఏ. రెండు ట్రాన్స్‌ఫార్మర్లతో 7.7 కేఏ. అంతే తేడా. ఫ్యాన్ ఫుల్ లోడ్ 195 యాంపియర్లు. స్టార్-డెల్టా స్టార్టర్ ఫ్యాన్ వేగం అందుకోకముందే డెల్టాకి మారిపోతోంది, అప్పుడు దాదాపు ఆరు రెట్లు, అంటే 1170 యాంపియర్ల వరకు లాగుతోంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్‌తో 17 శాతం కుంగుతుంది, రెంటితో 15 శాతం. "కాస్త తగ్గినట్టే ఉంది" అన్నది ఈ రెండు శాతమే. అడ్డు పడుతున్నది కేబుల్. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎంత పెంచినా కేబుల్ ఇంపెడెన్స్ అలాగే ఉంటుంది.

ఫ్యాన్‌కి సాఫ్ట్ స్టార్టర్ పెట్టి కరెంట్‌ని మూడు రెట్లకు కట్టడి చేశాం. కుంగడం 8, 9 శాతానికి దిగింది. కాంటాక్టర్లు నిలబడుతున్నాయి.

కనిష్ఠం

అసలు విషయానికి వస్తే, 22 కిలోవాట్ల మోటార్‌కి 63 యాంపియర్ల ఎంసీసీబీ ఉంది. మాగ్నెటిక్ సెట్టింగ్ (వెంటనే ట్రిప్ అయ్యే హద్దు) పది రెట్లు, అంటే 630 యాంపియర్లు. ఎంసీసీ నుంచి మోటార్‌కి 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 60 మీటర్లు. బాడీ ఫాల్ట్ వస్తే కరెంట్ ఫేజ్ వైరులో వెళ్లి, షెడ్ గోడ వెంబడి ఉన్న జీఐ (జింకు పూత ఇనుప) పట్టీ మీదుగా న్యూట్రల్‌కి తిరిగి రావాలి. ఆ పట్టీ జాయింట్లు తుప్పు పట్టి ఉన్నాయి.

ఎర్త్ లూప్ ఇంపెడెన్స్, అంటే ఆ కరెంట్ వెళ్లి తిరిగొచ్చే దారి మొత్తంలోని అడ్డు, కొలిచాం. ఈ మోటార్ దగ్గర 0.6 ఓమ్‌లు, కొన్ని మూలల్లో 0.9. అంటే ఫాల్ట్ కరెంట్ 250 వోల్టులకు సుమారు 415 యాంపియర్లు, ఆ మూలల్లో 280. పీసీసీ దగ్గర 20 కేఏ ఉన్న మిల్లులో ఇక్కడ 415 యాంపియర్లు.

ఇక ఈ 415 యాంపియర్లు ఎవరికి ఎలా కనిపిస్తాయో చూడండి. మోటార్ ఎంసీసీబీకి 630 దాటలేదు కాబట్టి మాగ్నెటిక్ కదలదు. వేడిని బట్టి పనిచేసే థర్మల్ కొన్ని సెకన్లు తీసుకుంటుంది. పీసీసీలోని 400 యాంపియర్ల ఎంసీసీబీకి ఇది మామూలు లోడ్ లాంటిదే. మెయిన్ ఏసీబీ ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ మాత్రం 20 శాతం, అంటే 320 యాంపియర్లు, టైమ్ 0.1 సెకను. కింద ఉన్నవాళ్లిద్దరూ కదలకముందే పైనున్నది పడిపోతుంది. ఫోర్‌మన్ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. 280 యాంపియర్ల మూలల్లో అయితే మెయిన్‌కి కూడా కనిపించదు. అవే మరీ ప్రమాదకరమైనవి.

ఇంకో సంగతి. లూప్‌లో సుమారు 0.4 ఓమ్‌లు తిరుగుదారిదే అనుకుంటే, ఫాల్ట్ ఉన్నంతసేపూ మోటార్ బాడీ మీద 160 వోల్టుల పైన ఉంటుంది. ఎర్త్ ఫాల్ట్ ఫంక్షన్ ఆపేసిన రోజుల్లో ఇది సెకన్ల తరబడి ఉండేది. తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగే మనుషులున్న షెడ్ అది. మేనేజర్ గారికి ఈ అంకె చూపించాక బడ్జెట్ గురించి వాదన జరగలేదు.

ఏం మార్చాం, ఎందుకు

మెయిన్ ఏసీబీ ఎర్త్ ఫాల్ట్ 320 యాంపియర్లను ముట్టుకోలేదు. పిక్‌అప్‌లో (ట్రిప్ మొదలయ్యే కరెంట్‌లో) తప్పు లేదు, తొందరే తప్పు. టైమ్‌ని 0.5 సెకనుకి పెంచాం. అయితే కింద త్వరగా కట్ చేసేవాళ్లు లేకుండా పైన టైమ్ పెంచడం అంటే ఫాల్ట్‌ని ఎక్కువసేపు మండనివ్వడమే. అందుకే ముందు కింద నుంచి మొదలుపెట్టాం.

మోటార్ ఫీడర్లకు సీబీసీటీ (మూడు ఫేజులనూ చుట్టి ఉండి, లీకైన కరెంట్‌ని పట్టేది), ఎర్త్ లీకేజ్ రిలే పెట్టాం, టైమ్ 0.1 సెకను. అన్నిటికీ ఒకేసారి పెట్టే డబ్బు లేదు. కాబట్టి ముందు లూప్ ఇంపెడెన్స్ ఎక్కువగా ఉన్న మూలలకు, తర్వాత 15 కిలోవాట్లు దాటిన మోటార్లకు. రిలే దేన్ని ట్రిప్ చేయాలన్న దగ్గర ఆగి ఆలోచించాలి. చాలామంది కాంటాక్టర్ కాయిల్‌ని కట్ చేస్తారు, వైరింగ్ సులువు. కానీ ఎంసీసీ పక్కనే ఉన్న మోటార్‌లో ఎర్త్ ఫాల్ట్ వేల యాంపియర్లకు వెళ్లొచ్చు, ఆ కరెంట్‌ని తెంపడం కాంటాక్టర్ వల్ల కాదు, అంటుకుపోతుంది లేదా పేలుతుంది. కాబట్టి ఎంసీసీబీకి షంట్ ట్రిప్ (రిలే సిగ్నల్‌తో బ్రేకర్‌ని పడేసే కాయిల్) పెట్టించాం. ఖర్చు పెరిగింది, అయినా వెనక్కి తగ్గలేదు.

పీసీసీ ఔట్‌గోయింగ్‌లలో ఎర్త్ ఫాల్ట్ ఉన్న ఎలక్ట్రానిక్ ట్రిప్ ఎంసీసీబీలు పెట్టాం, 80 యాంపియర్లు, 0.3 సెకను. పాత 25 కేఏ ఎంసీసీబీలు ఇక్కడే ఉండేవి. ఇవాళ్టి సోర్స్‌కి చాలినా 29.5 కేఏకి చాలవు కాబట్టి వాటిని ఎలాగూ మార్చాలి. షెడ్లలోని ఎంసీసీల జోలికి పోలేదు. స్పిన్నింగ్ షెడ్‌ ఎంసీసీలో, గ్రిడ్‌ని అనంతం అనుకుని, కేబుల్ చల్లగా ఉందనుకున్నా 8.5 కేఏ వస్తుంది, షెడ్ మోటార్ల వాటా కలిపినా పాత 25 కేఏకి చాలా దూరం. మిగతా షెడ్లనూ ఇలాగే కేబుల్ పొడవుతో చూశాం. 65 కేఏ సిఫార్సులో పెద్ద ఖర్చంతా ఇక్కడే ఉండేది.

మోటార్ ఎంసీసీబీల ఫేజ్ ఫాల్ట్ సెట్టింగ్‌లో మాత్రం ఏ ఆలస్యం పెట్టనివ్వలేదు. 16 చదరపు మిల్లీమీటర్ల ఎక్స్ఎల్‌పీఈ అల్యూమినియం కేబుల్ ఒక సెకను పాటు సుమారు 1500 యాంపియర్లు భరిస్తుంది. 6.9 కేఏ దగ్గర అది 0.05 సెకను లోపే. కోఆర్డినేషన్ (కింది బ్రేకర్ ముందు పడేలా టైమ్‌లు అమర్చడం) పేరుతో ఇక్కడ 0.1 సెకను పెడితే బ్రేకర్‌కి బదులు కేబుల్ ఫ్యూజ్ అవుతుంది.

జీఐ పట్టీ జాయింట్లు విప్పి, శుభ్రం చేసి వెల్డ్ చేశారు. దూరపు ఫీడర్లలో కేబుల్ వెంటే ఒక ఎర్త్ కండక్టర్ వేయించాం. తిరుగుదారి కేబుల్‌ని ఆనుకుని ఉంటే రియాక్టెన్స్ కూడా తగ్గుతుంది. 0.6 ఉన్నచోట 0.35 ఓమ్‌లకు వచ్చింది. అంటే 700 యాంపియర్ల పైన, ఎంసీసీబీ మాగ్నెటిక్‌కే కనిపించేంత. రిలే పాడైనా రెండో కాపలా ఉన్నట్టు.

కప్లర్‌కి తాళాల ఇంటర్‌లాక్: మూడు బ్రేకర్లకు రెండే తాళం చెవులు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఆపితేనే కప్లర్ మూయగలరు. సర్క్యులర్ అంటించడం కంటే ఇది నమ్మకం.

11 కేవీ వైపు

వీసీబీ రిలే ఇన్‌స్టంటేనియస్ (ఆలస్యం లేని ట్రిప్) 600 యాంపియర్ల దగ్గర ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ అటువైపు 52.5 యాంపియర్లు. ఛార్జింగ్ ఇన్‌రష్ (ఆన్ చేయగానే కాసేపు లాగే కరెంట్) పన్నెండు రెట్ల వరకు వెళ్తే 630. ఒక్కోసారి నిలబడకపోవడానికి కారణం అదే. పైగా ఎల్టీ బస్ ఫాల్ట్ 20 కేఏ అంటే 11 కేవీ వైపు 790 యాంపియర్లు, ఏసీబీతో పాటు వీసీబీ కూడా పడుతుంది.

1350కి పెంచాం. అనంత గ్రిడ్‌తో ఎల్టీ ఫాల్ట్ అటువైపు 1050 యాంపియర్లు, దానికి 30 శాతం మార్జిన్. డెల్టా-స్టార్‌లో ఎల్టీ వైపు రెండు ఫేజుల ఫాల్ట్ వస్తే 11 కేవీలో ఒక లైన్‌లో పూర్తి మూడు ఫేజుల ఫాల్ట్ అంత కరెంట్ వస్తుంది, అందుకే మార్జిన్‌లో పిసినారితనం చేయలేదు. రెండో వైపు కూడా చూడాలి కదా: సబ్‌స్టేషన్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు, మా 11 కేవీ టెర్మినళ్ల దగ్గర రెండు ఫేజుల ఫాల్ట్ సుమారు 1800 యాంపియర్లు. 1350కి కనిపిస్తుంది. సీటీలు (కరెంట్‌ని తగ్గించి రిలేకి ఇచ్చేవి) 75/5, 5పీ10 (పది రెట్ల దాకా కచ్చితత్వం హామీ ఉన్నవి) కాబట్టి పద్దెనిమిది రెట్ల దగ్గర సాచురేట్ అవుతాయేమోనని మాగ్నెటైజేషన్ టెస్ట్ చేయించాం. న్యూమరికల్ రిలే బర్డెన్ (సీటీ మీద వేసే భారం) చాలా తక్కువ కావడంతో సరిపోయాయి. డెల్టా వల్ల ఎల్టీ ఎర్త్ ఫాల్ట్ 11 కేవీ ఎర్త్ ఫాల్ట్ రిలేకి కనిపించదు, అందుకే దాన్ని సున్నితంగా, వేగంగానే ఉంచాం.

ఇప్పుడు ఎలా ఉంది, ఏది మిగిలింది

తర్వాతి వానాకాలంలో మోటార్ ఫాల్టులు వచ్చాయి, రాకుండా ఎలా ఉంటాయి. ఆ మోటార్‌ ఎంసీసీబీయే పడింది, మెయిన్ నిలబడింది. ఒక్కసారి మాత్రం పీసీసీ ఔట్‌గోయింగ్ పడింది. ఫాల్ట్ షెడ్ ఎంసీసీ బస్‌లో కాబట్టి అదే పడాలి.

మిగిలిపోయింది డీజీ (డీజిల్ జనరేటర్). 500 కేవీఏ సెట్, ఫుల్ లోడ్ 667 యాంపియర్లు. సబ్‌ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ (ఫాల్ట్ పడిన తొలి క్షణాల్లో జనరేటర్ లోపలి అడ్డు) 12 శాతంతో మొదటి క్షణంలో 5.6 కేఏ ఇస్తుంది, కొన్ని సైకిళ్లలోనే మూడు రెట్ల దగ్గరికి, అంటే 2 కేఏకి పడిపోతుంది. 400 యాంపియర్ల ఎంసీసీబీ ఇన్‌స్టంటేనియస్ 4 కేఏ, దూరపు షెడ్ ఫాల్ట్‌ని అది చూడదు. డీజీ న్యూట్రల్ ఎర్త్ అయి ఉంది కాబట్టి ఎర్త్ ఫాల్ట్ రిలేలు అప్పుడూ పనిచేస్తాయి. ఫేజ్ ఫాల్ట్‌కే దారి లేదు. డీజీ బ్రేకర్‌కి వోల్టేజ్ రెస్ట్రెయింట్ ఓవర్‌కరెంట్ రిలే (వోల్టేజ్ కుంగితే తక్కువ కరెంట్‌కే పనిచేసేది) ప్రతిపాదించాను, కొనుగోలు ఇంకా ఫైల్లోనే ఉంది. అది వచ్చేదాకా డీజీ మీద స్పిన్నింగ్ షెడ్ ఫీడర్ వేయకూడదని, దగ్గరి షెడ్లు, లైటింగ్, ఫైర్ పంపు మాత్రమే నడపాలని ఒప్పందం. ఫోర్‌మన్ ఆ ఫీడర్ హ్యాండిల్‌కి తాళం వేసి చెవి తన దగ్గరే ఉంచుకున్నాడు.